ముందు ఫోను ఎవరిదో చెప్పండి

సెల్ రిపేరు కొట్టు పెట్టుకోవాలనుకునే కుర్రాళ్ళు ఇప్పటికీ ఆత్మకూరులో మా ఇంటి తలుపు తడుతూనే ఉంటారు. కళ్ళు సహకరించక కొట్టు మూసేశాను గానీ నోరింకా మూతపడలేదు కాబట్టి, కూర్చోబెట్టి మాట్లాడతాను. వాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే: ఏ బాక్సు కొంటే అన్ని ఫోన్ల లాకులూ తీసేయొచ్చు సార్, అని. నాకు ఒళ్ళు మండిపోతుంది. డిస్‌ప్లే మార్చడం రాదు, చార్జింగ్ పిన్ను సరిగ్గా అతికించడం రాదు, లాకులు మాత్రం తీసేయాలి.

లాకులు తీసే ఆ పరికరాల, అదే బాక్సుల, సంగతి ఏ వీడియో చూసినా తెలుస్తుంది. నేను చెప్పదలుచుకున్నది వీడియోల్లో దొరకదు. ఫోను చేతికి రాగానే నేను అడిగే మాట, ఇది ఎవరిది అని. ఆ మాట అడిగినందుకు తిట్లు తిన్నాను, గిరాకీ పోగొట్టుకున్నాను, ఒకసారి కొట్టే ఖాళీ చేయాల్సి వచ్చింది. అయినా మళ్ళీ పుట్టి ఇదే పని చేయమన్నా మొదట అదే అడుగుతాను. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా వినండి.

మా మేస్త్రి

నేను పని నేర్చింది నెల్లూరులో, టీవీలు, టేపు రికార్డర్లు బాగుచేసే ఒక మేస్త్రి దగ్గర. మనిషి ముక్కోపి. సోల్డరింగ్ సరిగ్గా పట్టకపోతే బోర్డు తీసి మన మొహాన కొట్టేవాడు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో మిగతావాళ్ళు ఇదేదో నాలుగు రోజుల ముచ్చట అని నవ్వుతుంటే, ఆయన మాత్రం ఒక పాత ఫోను కొని, విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాడు. నాకూ నేర్పాడు, తిట్టుకుంటూ.

అక్కడ నాతోపాటు ఇంకొకడు పనిచేసేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నవాడు, నాకంటే మెరుగు. రిపేరుకొచ్చిన ఫోన్లలో ఆడపిల్లల ఫొటోలు చూడటం వాడికో సరదా. ఒకరోజు మేస్త్రి వెనక నిలబడి చూశాడు. వాడి పనిముట్ల సంచి తీసుకెళ్ళి రోడ్డు మీద పెట్టి వచ్చి, వాడి కుర్చీ మడిచి గోడకు ఆనించి, తన పనిలో తాను పడ్డాడు. వాడు కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు. అంత చేయి తిరిగినవాడు మళ్ళీ మాకు దొరకలేదు, గిరాకీ రోజుల్లో చచ్చేంత ఇబ్బంది పడ్డాం. అయినా మేస్త్రి వాణ్ణి మళ్ళీ పిలవలేదు.

తాళం ఎక్కడుంటుంది

ఒకప్పటి ఫోన్లలో లాకు అంటే వీధి తలుపుకు పెట్టిన గడియ లాంటిది. కేబుల్ పెట్టి దొడ్డిదారిన లోపలికి పోయి ఫొటోలూ నంబర్లూ తెచ్చి ఇచ్చేవాళ్ళం. జనం మమ్మల్ని మంత్రగాళ్ళను చూసినట్టు చూసేవారు. ఇప్పటి ఫోన్లలో ఆ పప్పులుడకవు. లోపల దాచుకున్నదంతా ఎవరికీ అర్థంకాకుండా గజిబిజిగా మార్చి రాసి ఉంటుంది. దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. సరైన పిన్ను, అంటే లాకు తీసే అంకెలు, పడితేనే ఆ గజిబిజిని విప్పే తాళంచెవి పనిచేస్తుంది. మెమరీ చిప్పు ఊడబెరికి ఇంకో బోర్డుకు వేసినా మీకు కనిపించేది చెత్తే.

కుర్రాళ్ళు అడిగే ఇంకో మాట బూట్‌లోడర్. అంటే, ఫోను ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు మేలుకునే చిన్న ప్రోగ్రాము. కంపెనీ సాఫ్ట్‌వేరు తప్ప ఇంకోటి లోపలికి రాకుండా కాపలా కాస్తుంది. దాన్ని అన్‌లాక్ చేస్తే మనకు నచ్చిన సాఫ్ట్‌వేరు వేసుకోవచ్చు. కంపెనీలు వదిలేసిన పాత ఫోన్లను అలా ఎన్నింటినో బతికించాను, అదేం తప్పు పని కాదు. కాకపోతే అన్‌లాక్ కొట్టిన క్షణం ఫోను ఆ తాళంచెవిని తనంతట తానే పారేస్తుంది. లోపలున్నదంతా పోతుంది. దొంగ చేతిలో పడ్డా వాడు చదవలేకుండా ఉండాలని చేసిన ఏర్పాటు అది. సక్రమంగా చేయాలంటే ముందు ఓనరే లాకు తీసి, సెట్టింగుల్లోకి పోయి అనుమతి ఇవ్వాలి. బాక్సులతో అడ్డదారిన పోయేవాళ్ళు లేకపోలేదు. ఈ కొత్త ఫోన్లలో వాళ్ళకు చివరికి దక్కేది ఖాళీ ఫోనే.

దుత్తలూరు వైపు నుంచి ఒక టీచరు వచ్చి తన పాత ఫోను అలా అన్‌లాక్ చేయించుకుని సంబరంగా పోయాడు. మర్నాడే తిరిగొచ్చాడు, బ్యాంకు యాపు తెరుచుకోవడం లేదని. అన్‌లాక్ అయిన ఫోనును ఆ యాపులు నమ్మవని నిన్ననే చెప్పాను గదండీ అంటే, మీరు చెప్పారు, నేనే వినలేదు అన్నాడు. అంత నిజాయితీగా ఒప్పుకున్నవాణ్ణి ఏమంటాం? టీ తాగించి, పాత సాఫ్ట్‌వేరే మళ్ళీ వేసి, లాక్ చేసి పంపాను.

చెరపడమూ పనే

ఫోను అమ్ముకునే ముందు రీసెట్ కొడితే చాలనుకుంటారు జనం. ఇప్పటి ఫోన్లకు అది చాలు, ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి. కానీ మెమరీ కార్డు తీయడం మర్చిపోతారు. కార్డు మీద మామూలుగా ఏ తాళమూ ఉండదు.

ఒక గవర్నమెంటు ఉద్యోగి అలాగే ఫోను అమ్మేశాడు. కొన్న కుర్రాడు చార్జింగ్ పిన్ను మార్పించడానికి నా దగ్గరికి తెస్తే అందులో కార్డు కనిపించింది. కొన్న కుర్రాణ్ణి అడిగి ఉద్యోగికి కబురుపెట్టాను. ఆయన పరుగున వచ్చాడు. ఆఫీసు కాగితాలేమో అనుకున్నాను. కాదు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయన గొంతెత్తి పాడుకుని దాచుకున్న పాటలు. కొన్న కుర్రాడు అప్పటికే అన్నీ విన్నాడు. బాగా పాడినారు సార్, ఒక రెండు ఉంచుకుంటా అన్నాడు. ఆ ఉద్యోగి సిగ్గుతో ఎర్రబడి, సంతోషం దాచుకోలేక, ఏవి నచ్చాయని మెల్లగా అడిగాడు.

ఇంకో తప్పు మా వైపు ఇంటింటా ఉంది. ఫోను కొన్నవాళ్ళకు దాన్ని అమ్మిన కొట్టువాడే మెయిలు అకౌంటు తయారుచేసి పెడతాడు. పాస్‌వర్డు కొన్నవాళ్ళకు చెప్పడు, కొన్నాళ్ళకు తనూ మర్చిపోతాడు. రీసెట్ కొట్టగానే ఫోను ఆ మెయిలే అడుగుతుంది. అప్పుడు లబోదిబోమని మా దగ్గరికి పరుగెత్తుతారు. ఇది ఒట్టి బద్ధకం. మీరు కొట్టు పెడితే కొన్నవాళ్ళ చేతనే అకౌంటు పెట్టించండి, రాకపోతే కూర్చోబెట్టి నేర్పించండి.

సోమశిలలో చేపలు పట్టే ఒకాయనకు వలలు లాగి లాగి వేలిముద్రలు అరిగిపోయాయి. తన వేలు ఫోను గుర్తుపట్టడం లేదని భార్య వేలు పెట్టించుకున్నాడు. ఆమెతో పోట్లాడి, ఆమె పుట్టింటికి పోతే, ఫోను తెరవలేక నా దగ్గరికి వచ్చాడు. పోయి ఆమెను బతిమాలుకో, అంతకంటే చవకైన రిపేరు లేదని చెప్పాను. బతిమాలుకున్నట్టే ఉన్నాడు, తరువాత టెంపర్డ్ గ్లాసు వేయించుకోవడానికి ఇద్దరూ కలిసి వచ్చారు.

పెట్టెలోంచి పోయిన ఫోను

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఊళ్ళో కొన్ని బట్టల కొట్లలో ఒక పద్ధతి ఉంది. పనిచేసే ఆడపిల్లలు పొద్దున రాగానే ఫోన్లు కౌంటరు దగ్గరుండే పెట్టెలో వేయాలి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడే తీసుకోవాలి. పనివేళల్లో ఫోను చూసుకుంటూ కూర్చోకుండా అట.

నా కొట్టు అప్పుడు బస్టాండుకు దగ్గర్లో ఒక కాంప్లెక్సులో ఉండేది. ఆ కాంప్లెక్సు ఒక బట్టల కొట్టు ఓనరుది. ఆయన బామ్మర్ది ఆ బట్టల కొట్టుకు మేనేజరు. ఒకరోజు పొద్దున్నే నేను కొట్టు తెరిచేసరికి ఆ మేనేజరు వచ్చి, ఆపేసి ఉన్న ఫోను ఒకటి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఫోను కొట్టుదేనని, వాడుకున్న పిల్ల పని మానేసిందని, లాకు చెప్పకుండా పోయిందని అన్నాడు. లోపలున్నవి పోకుండా తెరవమన్నాడు.

పిన్ను తెలియకుండా లోపలున్నవి ఎవరికీ దక్కవని, ఎన్‌క్రిప్షన్ గురించి నాకు చేతనైనంతలో వివరించాను. దిగులుపడతాడనుకున్నాను. అతని మొహం తేటపడింది.

"అయితే మొత్తం చెరిపెయ్. చెరిపినాక ఆ పిల్ల గానీ ఇంకెవురన్నా గానీ మళ్ళా తెచ్చుకోలేరు గదా?" అన్నాడు.

ఎంతోమంది నా దగ్గర ఫోన్లు చెరిపించుకున్నారు. తమవి ఇతరులకు దొరక్కూడదని అడుగుతారు అందరూ. ఎదుటి మనిషివి ఆ మనిషికే దొరక్కూడదని అడిగినవాణ్ణి అప్పుడే చూశాను. టైము పడుతుంది, వదిలేసి పొమ్మన్నాను. అది అబద్ధమే. ఫోను తిరిగి అతని చేతికిస్తే పక్క వీధిలో ఇంకో కొట్టుకు పోతాడు, అక్కడివాడు టీ తాగేలోపల చెరిపేసి ఇస్తాడు. మావాళ్ళ సంగతి నాకు తెలియదా?

అతను పోయాక ఫోను ఆన్ చేశాను. పిన్ను అడిగింది. అలాగే బల్ల మీద పెట్టి వేరే పని చూసుకుంటుంటే మోగడం మొదలుపెట్టింది. ఆన్ చేసిన తరువాత ఒక్కసారైనా పిన్ను పడకపోతే లోపలున్న పేర్లు కూడా ఫోను చదవలేదు. అందుకే పేరు రాలేదు, ఒట్టి నంబరు వచ్చింది. ఇంకొకరి ఫోను నేను ఎత్తను. కానీ అది ఎవరిదో తెలుసుకోవడానికి వేరే దారి కనిపించలేదు. ఎత్తాను.

"అన్నా, ఆ ఫోను మా పాపది. నీకు యాడ దొరికింది?" అంది అవతల ఒక పెద్దాయన గొంతు.

ఆయన పేరు దావీదు. ఉదయగిరి పక్కన పల్లెలో కూలిపనులు చేసుకునే మనిషి. కూతురు ఎస్తేరు ఆత్మకూరులో హాస్టల్లో ఉంటూ ఆ బట్టల కొట్లోనే పనిచేసేది. ఒక సాయంత్రం పెట్టెలో చూసుకుంటే ఫోను లేదు. మేనేజరును అడిగితే, నువ్వే ఎక్కడో పారేసుకుని మా మీద పెడుతున్నావా అని దబాయించాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేసింది. దొరికినవాళ్ళు ఎప్పటికైనా ఆన్ చేయకపోతారా అని తండ్రి అప్పటినుంచీ ఆ నంబరుకు కొడుతూనే ఉన్నాడు. ఫోను నా దగ్గర భద్రంగా ఉందని, అమ్మాయిని వెంటబెట్టుకుని రమ్మని చెప్పాను. పిన్ను ఫోనులో చెప్పబోతే వద్దన్నాను, అమ్మాయే వచ్చి కొట్టాలన్నాను.

ఉదయగిరి బస్సు వచ్చేలోపలే మేనేజరు మళ్ళీ దిగబడ్డాడు. ఇంకా కాలేదా అని విసుక్కున్నాడు. ఇక దాచి లాభం లేదు. ఫోను ఓనరు వస్తోందని, ఆమె చెబితే తప్ప చెరపనని చెప్పేశాను. అతను బల్ల మీదికి వంగాడు. నేను అంతకు ముందే ఫోను తీసి సొరుగులో వేసి తాళం తిప్పాను.

"ఈ రూము ఎవురిదో తెలిసే మాట్లాడతా ఉండావా?"

"తెలుసు. రూము మీ బావది. ఫోను ఎవురిదో ఇంకా తేలలా," అన్నాను.

అక్కడే నిలబడి బావకు ఫోను చేసి నా చేతికిచ్చాడు. ఓనరు నాతో మర్యాదగానే మాట్లాడాడు. కొట్టు పరువు విషయమని, ఎవరో పిల్ల మాట పట్టుకుని ఇన్నేళ్ళ సంబంధం చెడగొట్టుకోవద్దని అన్నాడు. నేనూ మర్యాదగానే, ఫోను మీ కొట్టుదైతే కొన్న బిల్లు పంపించండి, ఈ నిమిషమే ఇచ్చేస్తాను అన్నాను. ఆయన పెట్టేశాడు. ఆ వయసులో కొట్టు పోతే మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఏమని చెప్పాలి? భయం వేసింది, బాగా వేసింది. సొరుగు మాత్రం తీయలేదు. మేనేజరు కూడా కదల్లేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తండ్రి అడిగింది

ఎస్తేరు ఇరవై దాటిన పిల్ల. బస్సు దిగి తండ్రితో వచ్చింది, మేనేజరును చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వెనకనుంచి తండ్రి భుజం మీద చెయ్యి వేస్తే లోపలికి వచ్చింది. నేను ఫోను తీసి ఆమె ముందు పెట్టి, నీదైతే తెరువు తల్లీ అన్నాను. పిన్ను కొట్టింది. తెరుచుకుంది. అమ్మానాన్నలతో చర్చి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో తెర మీద కనిపించింది.

మేనేజరు గొంతు అప్పటికప్పుడు మెత్తబడింది. "పాపా, జరిగిందేదో జరిగింది. అదొకటి తీసేసెయ్. రేపట్నించి పనికి రా," అన్నాడు.

అదొకటి అంటే ఏమిటో నాకూ దావీదుకూ అప్పటిదాకా తెలియదు. ఎస్తేరు రికార్డింగులు తెరిచి ఒకదాన్ని నొక్కింది. కాల్స్ వాటంతట అవే రికార్డయ్యేలా ఆ ఫోనులో పెట్టుకుందట. కొట్టంతా మేనేజరు గొంతు వినిపించింది. ఒంటరిగా గోడౌనుకు రమ్మని, రాకపోతే పనిలో ఎలా ఉంటావో చూస్తానని. మిగతా మాటలు నా చేత్తో రాయను. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. భరించలేక ఒకరోజు, నువ్వన్నవన్నీ నా ఫోనులో ఉన్నాయని అతని మొహం మీదే అనేసింది. ఆ సాయంత్రమే పెట్టెలోంచి ఫోను మాయమైంది. ఏమేం రికార్డయ్యాయో ముందు తను వినాలనే లోపలున్నవి పోకుండా తెరవమన్నాడు కాబోలు.

రికార్డింగు అయిపోకముందే మేనేజరు జారుకున్నాడు. పట్టుకుని రెండు పీకాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

దావీదు నా వైపు తిరిగాడు. కూతురు వైపు చూడలేకపోయాడు.

"నీకు దండం పెడతా అన్నా, దాన్ని చెరిపెయ్. నలుగురికీ తెలిస్తే దీన్ని ఎవురు చేసుకుంటారు? సంఘంలో మేము తలెత్తుకోని తిరగాలగదా."

పొద్దున్నించీ ఆ మేనేజరుకు లేదని చెప్పడం ఒక ఎత్తు. ఇప్పుడు అడుగుతున్నది కన్నతండ్రి. విసుగన్నది లేకుండా ఆ నంబరుకు కొట్టి కొట్టి ఫోను దొరికేలా చేసింది ఆయనే. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నాకూ కూతురుంది, ఆయన స్థానంలో ఉంటే నా నోటా అదే మాట వచ్చేదేమో. ఆయనకూ చెప్పాను: ఫోను మీ అమ్మాయిది, అమ్మాయి చెబితేనే చెరుపుతాను. ఎస్తేరుకు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. చెరిపితే నేను కాదు గదా, తయారుచేసిన కంపెనీవాడు కూడా తిరిగి తేలేడు, తొందరేమీ లేదు, ఆలోచించుకో అన్నాను.

ఆమె ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని తండ్రి ఎదుటికి పోయి నిలబడింది.

"చెరిపేస్తే ఆయనన్న మాటలు పోతాయి నాయనా. నేను ఇనింది యాడికి పోతాది? నా జాగాలో రేపు ఇంకో పిల్లని పెట్టుకుంటాడు. ఆ పిల్ల కాడ ఇదన్నా ఉండదు."

దావీదు స్టూలు మీద కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఎస్తేరును అడిగి, ఆ రికార్డింగులకు ఒక మెమరీ కార్డులో కాపీ తీసి ఇచ్చాను. ఫోనును మాత్రం ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచమన్నాను. కేసు నడిస్తే అసలు ఫోనునే అడుగుతారు, అందులో ఏది అటూ ఇటూ అయినా అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మనం సాయం చేస్తున్నామనుకుని చేసే చిన్న మార్పు కూడా వాళ్ళకు చేటు తెస్తుంది.

ఆ కాంప్లెక్సులో నన్ను ఎక్కువ రోజులు ఉండనివ్వలేదు. వెనక సందులో ఒక చిన్న గది చూసుకున్నాను. గిరాకీ సగానికి పడిపోయి, మెల్లగా మళ్ళీ పుంజుకుంది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఎస్తేరు ఇప్పుడు ఉదయగిరిలో ఒక మందుల షాపులో పనిచేస్తోంది, వాయిదా ఉన్నప్పుడల్లా మానకుండా వస్తుంది. ఇదంతా గొప్పలకు చెప్పడం లేదు. ఫోను ఎవరిదని అడిగితే మీకూ నష్టం రావచ్చు, అది ముందే తెలుసుకుని ఈ పనిలోకి రండి. వచ్చాక మాత్రం అడగడం మానొద్దు.

అదంతా తరువాతి సంగతి. ఆ రోజు ఎస్తేరు ఫోను సంచిలో పెట్టుకుని మెట్టు దిగి, తండ్రి కోసం ఆగింది. దావీదు లేవలేదు. ఆమె పిలవనూ లేదు, ఎండలో అలాగే నిలబడింది. కాసేపటికి ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"స్టేషను యాడుండాది అన్నా?" అని అడిగాడు.

దారి చెప్పబోయి ఆగాను. ఆ ఫోను నా దగ్గరికి ఎవరు తెచ్చారో, ఏం చేయమన్నారో అక్కడ చెప్పాల్సినవాణ్ణి నేనే. కొట్టుకు తాళం వేసి వాళ్ళతో నడిచాను.